తాత ఎక్కని ఓడ

ధనుంజయ్‌కి ఇరవయ్యేళ్ళు వచ్చేదాకా తన తాత రేవులో ఏం పని చేసేవాడో తెలియదు. ఎవరూ దాచలేదు. అతను అడగలేదు, అంతే. బెంగాల్‌లోని రేవుపేట ఖిదిర్‌పూర్‌లో వాళ్ళ గల్లీలో ఉన్న తెలుగువాళ్ళ తాతలందరూ రేవులో పనిచేసినవాళ్ళే. "డాక్‌లో చేసేవాడు" అంటే విన్నవాళ్ళు తలూపి ఊరుకునేవాళ్ళు. ధనుంజయ్ కూడా ఆ మాట దగ్గరే ఆగిపోయాడు.

భవానీపూర్‌లోని ఒక కాలేజీలో అతను సోషియాలజీ మూడో ఏడు చదువుతున్నాడు. చెడ్డ విద్యార్థేం కాదు. క్లాసులు ఎగ్గొట్టడు, మార్కులు పర్వాలేదు. కానీ ఫోను రాయడం నేర్చినప్పటి నుంచి అతను సొంతంగా ఒక్క పేరా రాసింది లేదు. క్లాసులో మిగతావాళ్ళ సంగతీ అంతే. అడిగింది ఫోనుకి చెప్తే అది రాసిచ్చేది, వీళ్ళు పేరు పెట్టి ఇచ్చేవాళ్ళు, సార్లు మార్కులు వేసేవాళ్ళు. సార్లకి తెలియదని కాదు. ఎన్నని పట్టుకుంటారు? ఒకరిద్దరు ప్రశ్నపత్రాలే ఫోనుతో రాయించుకుంటున్నారని పిల్లలు చెప్పుకునేవాళ్ళు. ఎవరికీ ఎవరితో తగువు లేకుండా రోజులు గడిచిపోతున్నాయి.

ఆ ఏడు మౌక్తిక అనే కొత్త లెక్చరర్ వచ్చింది. వరంగల్ అమ్మాయి, జదుబాబు బజార్ దగ్గర చిన్న గది అద్దెకు తీసుకుంది. ఆమెకి ప్రశ్నలు వేసే అలవాటు. చేపలమ్మేవాడిని అడుగుతుంది, బస్సు కండక్టర్‌ని అడుగుతుంది, కాలేజీ గుమాస్తాని ఈ బీరువా ఎందుకిక్కడ పెట్టారని అడుగుతుంది. పాఠం అయ్యాక పిల్లల వైపు తిరిగి, "ఏమైనా అడుగుతారా?" అనేది. నలభై మంది తలలు వంచుకుని కూర్చునేవాళ్ళు. మొదటి నెలంతా కలిపి ఆమెకి వచ్చిన ప్రశ్న ఒక్కటే. "మ్యామ్, ఎన్ని పదాలు రాయాలి?"

ఆ ప్రశ్న వచ్చింది ఒక వ్యాసం గురించి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న పెద్దవాళ్ళని కూర్చోబెట్టి, వాళ్ళు చేసిన పని గురించి మాట్లాడించి, విన్నది రాసుకుని రమ్మంది మౌక్తిక. ఎనిమిది వందల పదాలు చాలంది.

ధనుంజయ్ ఆ వ్యాసం బస్సులో పూర్తిచేశాడు. ఖిదిర్‌పూర్ దగ్గర ఓడ కోసం వంతెన పైకెత్తారు, బస్సు ఆగిపోయింది. ఇంజన్ ఆపేసి డ్రైవర్ కిందికి దిగి బీడీ ముట్టించాడు. తాత, రేవు కూలీ, శ్రీకాకుళం నుంచి వలస, కష్టాలు అని నాలుగు ముక్కలు ధనుంజయ్ ఫోనులో కొట్టాడు. వంతెన దిగేలోపు తాత తయారయ్యాడు. ఆ తాత ఇనప నిచ్చెనల మీదుగా ఓడలెక్కాడు, వీపు మీద బస్తాలు మోశాడు. ఒక తుఫాను నాడు రాము అనే స్నేహితుడు తడి నిచ్చెన మీంచి జారిపోతుంటే ఒంటిచేత్తో పట్టుకుని పైకి లాగాడు. చివర్లో దూరంగా నది వైపు చూస్తూ, ఈ నీళ్ళు నాకు అన్నం పెట్టాయి, ఓర్పు నేర్పాయి అన్నాడు. ధనుంజయ్ ఆ చివరిదాకా చదవలేదు. పదాలు సరిపోయాయో లేదో చూసి పంపించేశాడు.

వారం తిరక్కుండా మౌక్తిక అతన్ని పిలిపించింది.

"ఈ తాతగారు ఉన్నారా?" అంది తెలుగులో.

ధనుంజయ్‌కి బయటివాళ్ళతో తెలుగు మాట్లాడాలంటే సిగ్గు. ఇంట్లో మాట్లాడే మాట బయటపడితే ఈమె నవ్వుతుందేమోనని ఇంగ్లీషులోనే, ఉన్నాడన్నాడు.

"నేను ఒకసారి కలవచ్చా?"

"ఆయనకి చెవుడు, మ్యామ్."

"పర్లేదు. గట్టిగా మాట్లాడతాలే. ఆదివారం రానా?"

కాదనడానికి ఇంకో కారణం దొరకలేదు. ఫోనుని అడిగితే దొరికేదేమో, కానీ ఆమె ఎదురుగా ఉంది.

ఆదివారం పొద్దున్నే ధనుంజయ్ వాళ్ళమ్మ అప్పలలక్ష్మి ముందుగది కడిగి, మంచం మీద కొత్త దుప్పటి పరిచింది. సందు చివర దుకాణం నుంచి సమోసాల్లాంటి సింగాడాలు తెచ్చింది. తాత కూర్మయ్య మెడదాకా గుండీలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. నాయనమ్మ కాసులమ్మ గుమ్మం దగ్గర చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. వచ్చేది కాలేజీ మేడమ్ అని తెలుసు కానీ ఎందుకొస్తోందో వాళ్ళకి తెలియదు. ధనుంజయ్ చెప్పలేదు. ఎలా చెప్పాలో తోచక రెండు రోజులు అటూ ఇటూ తిరిగాడు.

మౌక్తిక వచ్చి కూర్చుని, "నమస్తే తాతగారూ! బాగున్నారా?" అని గదంతా మోగేలా అరిచింది.

కూర్మయ్య ఉలిక్కిపడ్డాడు. "ఏటి తల్లీ, అలాగ అరుత్తావు? నాకు సెముడు నేదు."

మౌక్తిక ధనుంజయ్ వైపు చూసింది. అతను సింగాడాల పళ్ళెం ముందుకు జరిపాడు.

ఆమె సంచీలోంచి కాగితాలు తీసింది. "మీ మనవడు మీ గురించి రాశాడు. ఇంగ్లీషులో ఉంది, నేను తెలుగులో చెప్తాను, వినండి," అని మొదలుపెట్టింది. నెమ్మదిగా, ఒక్కో వాక్యం తిప్పి చెప్పింది. ఫోను రాసిన దానికంటే ఆమె చెప్పినదే బాగుంది. ఇనప నిచ్చెన వచ్చింది, తుఫాను వచ్చింది, జారిపోతున్న స్నేహితుడు వచ్చాడు. కాసులమ్మ చేతిలో చేట ఆగిపోయింది. ఏదో అనబోయి నోరు తెరిచింది. కూర్మయ్య ఆమె వైపు చూడకుండానే అరచెయ్యి పైకెత్తాడు. ఆమె నోరు మూసుకుంది.

చదవడం అయిపోయింది.

"ఇదంతా నిజమేనా తాతగారూ?"

కూర్మయ్య మనవడిని చూశాడు. ధనుంజయ్ నేల చూస్తున్నాడు.

"నిజిమే తల్లీ," అన్నాడు కూర్మయ్య. "గుంటడు బాగా రాసినాడు."

"ఆ రాము తర్వాత ఏమయ్యాడు?"

"రాము కాదు తల్లీ. పోలిరాజు. ఈడు పేరు మార్సీసినాడు. మావూరోడే. ఆ తరవాత సానా కాలం బతికినాడు, పాపం."

మౌక్తిక ఆ పేరు రాసుకుంది. టీ తాగి, కాసులమ్మకి కూడా నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. ధనుంజయ్ ఆమెను ఆటో ఎక్కించి వచ్చి, బతికిపోయాననుకున్నాడు. తాత తనని కాపాడాడు. మెట్ల దగ్గర కూర్చున్న కూర్మయ్య పక్కన నిలబడి, "థాంక్స్ తాతా," అన్నాడు.

"దేనికిరా?" అన్నాడు కూర్మయ్య. నిజంగానే దేనికో తెలియనట్టు ఉంది ఆ ముఖం.

మరునాటి నుంచి కూర్మయ్య ఆ కథ చెప్పడం మొదలుపెట్టాడు. ముందు కింది వాటాలో బిహారీ కుటుంబానికి చెప్పాడు. తరవాత హారూదా టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చుని, బెంగాలీ, హిందీ, తెలుగు కలిపి చెప్పాడు. చెప్పినప్పుడల్లా నిచ్చెన పెరిగింది, గాలి పెరిగింది. పోలిరాజు ఒంటికాలితో వేలాడాడు. హారూదా సాస్‌పాన్ పొయ్యి మీంచి దించడం మరిచిపోయి విన్నాడు. ధనుంజయ్ అటువైపు వెళ్తే, "మీ దాదూ హీరో రా భాయ్, ఇన్నాళ్ళూ చెప్పనే లేదు," అని టీకి డబ్బులు పుచ్చుకోలేదు.

కాలేజీలో కూడా ఆ వ్యాసం పేరు తెచ్చుకుంది. కాలేజీ పత్రికలో వేద్దామని మౌక్తిక అంది, ప్రిన్సిపాల్ సరేనన్నాడు. ధనుంజయ్‌కి అందులో తప్పేమీ కనిపించలేదు. పోయిన ఏడు పత్రికలో పడినవి కూడా ఎవరు రాసినవో అందరికీ తెలుసు.

ఒకరోజు సాయంత్రం అతను కాలేజీ నుంచి వస్తుంటే టీ కొట్టు దగ్గర తాత గొంతు వినిపించింది. తాడు కథ చెబుతున్నాడు. పోలిరాజుని పైకి లాగుతుంటే తడి తాడు చెయ్యి కోసేసిందట. "సూడండి కావలిత్తే," అని కుడి అరచెయ్యి దీపం కిందికి చాపాడు. ధనుంజయ్ కూడా వంగి చూశాడు. బొటనవేలి మొదట్లో చర్మం బిరుసుగా కాయ కాసి ఉంది. వేళ్ళు మడిచే ఒక్కో చోటా ఒక గట్టి పొక్కులా ఉంది. పనిమానేసి ఎంతకాలమైనా అది పోలేదు.

వ్యాసంలో తాడు లేదు. ఫోను ఆ చెయ్యిని చూడలేదు. తాత చెప్పేది అబద్ధమని ఆ బెంచీ దగ్గర వింటున్నవాళ్ళలో ధనుంజయ్ ఒక్కడికే తెలుసు, ఎందుకంటే ఆ అబద్ధం పుట్టింది అతని దగ్గరే. మరి ఆ కాయ ఎక్కడిది?

రాత్రి అన్నాలయ్యాక తాత కింద బెంచీ దగ్గరికి పోయాడు. ధనుంజయ్ నాయనమ్మ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. ఆమె టీవీ చూస్తోంది.

"మామ్మా, తాత డాక్‌లో ఏటి సేసేవోడు?"

కాసులమ్మ టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. "నువ్వే రాసినావు కదా. ఓడలెక్కినాడు, ఆకాసమెక్కినాడు."

"అది ఫోను రాసింది మామ్మా."

ఆమె అప్పుడు తిరిగింది. "మరి నీకు తెల్దా?"

"తెల్దు."

"ఇరవయ్యేళ్ళు ఆడి పక్కలో పడుకున్నావు, తెల్దా?" అంది. తరవాత టీవీ గొంతు తగ్గించి చెప్పింది. "ఊడిసీవోడు. గొడౌన్లలో సీపురట్టుకుని గింజలూడిసీవోడు. మా పెళ్ళికి ఆళ్ళోళ్ళు ఓడలో పని అని సెప్పినారు. నానొచ్చి సూత్తే ఓడ ఎక్కడో ఉంది, ఈడు షెడ్డులో ఉన్నాడు."

"నువ్వేటన్నావు?"

"ఏటంతాను? ఆ గోదుమలే కదా తిన్నాం." మళ్ళీ టీవీ గొంతు పెంచింది.

మరునాడు ధనుంజయ్ తాతనే అడిగాడు. ఎదురుగా కూర్చుని, ఇంటర్వ్యూ చేసేవాళ్ళలా గొంతు సవరించుకున్నాడు. "తాతా, నీ పనిలో నీకు వచ్చిన సమస్యలు ఏటి?"

"సమస్యలేటి?"

"అదే... ఊడిసే పనిలో."

కూర్మయ్య లేచి చొక్కా వేసుకుని బయటికి పోయాడు. ఆ రోజూ మాట్లాడలేదు, మర్నాడూ మాట్లాడలేదు. టీ కొట్టు దగ్గర కూడా కథ చెప్పలేదు. ఒంట్లో బాగాలేదా అని హారూదా ఇంటికొచ్చి అడిగిపోయాడు.

ధనుంజయ్ మౌక్తిక దగ్గరికి వెళ్ళింది అప్పుడే. పశ్చాత్తాపంతో వెళ్ళాడని చెప్పడం ఎక్కువవుతుంది. తాత మాట్లాడటం లేదు, ఏం చెయ్యాలో తెలియలేదు, ఇంటి బయట ఈ సంగతి చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు. స్టాఫ్ రూమ్ బయట వరండాలో నిలబడి మొదటిసారి ఆమెతో తెలుగులో, ఇంటి తెలుగులోనే, జరిగింది చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"నాకు అనుమానం లేక కాదు," అంది. "మీ తాతతో పాటు ఇంకో ఇద్దరి తాతలు కూడా రామునే కాపాడారు. అనుమానంతోనే మీ ఇంటికొచ్చిన. ఆయన ఔనన్నాక నన్ను నేనే తిట్టుకున్నా."

"సారీ, మ్యామ్."

"అది సరే. ఇంతకీ ఆయన నిజంగా ఏం చేసేవారు?"

"ఊడిసేవాడంట."

"అంటే? ఎక్కడ? ఏం ఊడ్చేవారు? ఊడ్చింది ఏమయ్యేది?"

"తెలీదు."

"తెలుసుకుని రాయి. ఒక పేజీ చాలు. చేత్తో రాయి."

"ఆయన చెప్పట్లేదు, మ్యామ్. నేను అడిగాను."

"ఏమని అడిగావు?"

అడిగింది చెప్పాడు. మౌక్తిక తలపట్టుకుంది. "అది పరీక్ష ప్రశ్న. అట్లా అడిగితే మా తాత కూడా లేచి పోతాడు. నీకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నదేదో ఒకటి అడుగు. చిన్నదైనా సరే."

ఇంటికి వచ్చేదాకా బస్సులో అదే ఆలోచించాడు. తనకి నిజంగా ఏం తెలుసుకోవాలనుంది? చాలాసేపు ఏమీ దొరకలేదు. అలాంటి దానికోసం లోపల వెతుక్కోవడం అతనికి అలవాటు లేదు. ఎవరో కాలు తొక్కితే పక్కకి జరిగాడు. మళ్ళీ ఆ అరచెయ్యే గుర్తొచ్చింది.

ఇంటి దగ్గర కూర్మయ్య మెట్ల మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు. ధనుంజయ్ రెండు మెట్ల కింద కూర్చున్నాడు.

"తాతా, సీపురు నీదా, ఆళ్ళిచ్చీవోరా?"

కూర్మయ్య చెయ్యి ఆగింది. చాలాసేపు మనవడి ముఖంలోకి చూశాడు, వేళాకోళమేమోనని. కాదనిపించింది కాబోలు.

"ఆళ్ళెందుకిత్తారు? నాదే. మీ మామ్మ కట్టీది, కొబ్బరీనెల్తో. బజార్లో సీపురైతే సిమెంటు మీద ఒక్క పూటలో అరిగిపోద్ది. ఇది పిడి లావుగా కట్టీది."

"మరి బస్తాలు మొయ్యనేదా నువ్వు?"

"మోద్దామనే ఒచ్చినాను. మూడో రోజు బుజం పట్టీసింది. సెయ్యి పైకి లెగనేదు. కూలీల సర్దారు తిట్టి, ఎల్లిపో అన్నాడు. ఊరెల్లి ఏటి సెప్తాను? కాళ్ళట్టుకుంటే సీపురిచ్చినాడు."

"ఇందాక సీపురు నీదన్నావు?"

"ఓరినీ... సీపురు పనిచ్చినాడు," అని కూర్మయ్య నవ్వాడు. మూడు రోజుల్లో అదే మొదటి నవ్వు. "ఇప్పుడు బాగా అడుగుతున్నావు."

ఆ తరవాత మాట దానంతటదే నడిచింది. కొక్కేలకి బస్తాలు చిరిగి గింజలు ఎలా కారిపోయేవో, పావురాలు మనుషులకి భయపడకుండా కాళ్ళ మధ్య ఎలా తిరిగేవో చెప్పాడు. ఊడ్చిన గోధుమల్ని జల్లెడ పట్టి కంపెనీవాళ్ళు కొలిచి తీసుకుపోతే, మట్టితో కలిసిన అడుగుబొడుగు కూలీలు పంచుకునేవాళ్ళట. పోలిరాజు నిజంగానే ఉన్నాడు. అతను జారిపడలేదు, పక్క షెడ్డులో ఊడ్చేవాడు, కామెర్లతో పోయాడు.

"ఒక్కసారి కూడా ఓడెక్కనేదా తాతా?"

కూర్మయ్య కత్తెర పక్కన పెట్టాడు. "ఒకసారి ఎక్కబోయినాను. ఏదో దేసం ఓడ. పైనించి ఒక తెల్లోడు రా రా అని సెయ్యూపినాడు. నిచ్చిన సగం ఎక్కినాను. కిందికి సూసినాను. బయమేసింది. నా సీపురెవడో ఎత్తుకుపోతాడని అరిసి దిగిపోయినాను. అక్కడ సీపురెత్తుకుపోయీవోడెవడున్నాడు?"

ఈసారి నవ్వలేదు. ధనుంజయ్ కూడా నవ్వలేదు.

ఆ ఒక్క పేజీ రాయడానికి అతనికి వారం పట్టింది. ఫోను తీశాడు, మళ్ళీ పక్కన పెట్టాడు. దాన్ని అడిగితే చీపురుకి మంచి మాటలు చెబుతుందని తెలుసు, ఆ మంచి మాటలకి తాత దొరకడనీ తెలుసు. తెలుగు నోటికొస్తుంది కానీ చేతికి రాదు. బెంగాలీ బడిలో రాసినంతే. ఇంగ్లీషులో మొదలుపెడితే మొదటి వాక్యమే మూడుసార్లు కొట్టేశాడు. అడుగుబొడుగు అన్న మాట దగ్గర ఒక పూటంతా ఆగిపోయాడు. చివరికి ఆ మాటని అలాగే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేశాడు. పేజీ నిండేసరికి చెయ్యి నొప్పి పుట్టింది.

మౌక్తిక అతని ముందే చదివింది. ఎర్రకలంతో తప్పులు దిద్దుతూ పోయింది. చాలా ఉన్నాయి. కాలాలు కలిసిపోయాయి, వాక్యాలు మధ్యలో తెగిపోయాయి. పాత వ్యాసానికి సున్నా వేసింది, పేజీకి పదికి నాలుగు వేసింది.

"నాలుగేనా?" అన్నాడు ధనుంజయ్.

"రాత బాగాలేదు. బాగుందని ఎట్లా అంటాను? కానీ ఇది నేను రెండుసార్లు చదివిన," అంది. కాగితం తిరిగి ఇస్తూ ఒక వాక్యం కింద వేలు పెట్టింది. "ఆ ఓడ మీద మనిషి మీ తాతగారిని ఎందుకు పిలిచాడు?"

ధనుంజయ్‌కి తెలియదు. అది అడగాలని తోచనే లేదు.

ఆ సెమిస్టర్‌లో అతని మార్కులు పడిపోయాయి. పత్రికలో అతని వ్యాసం స్థానంలో ఇంకెవరి అమ్మమ్మో వచ్చింది. ఆమె కూడా చివర్లో దూరంగా నది వైపు చూసింది. మౌక్తిక ప్రతి క్లాసు చివరా, "ఏమైనా అడుగుతారా?" అనడం మానలేదు. పిల్లలు తలలు వంచుకోవడం మానలేదు. ధనుంజయ్ ఒకసారి చెయ్యెత్తి, అడగాల్సింది పూర్తిగా తేలక మళ్ళీ దించాడు.

కూర్మయ్య కొన్నాళ్ళకి టీ కొట్టు దగ్గర మళ్ళీ తుఫాను కథ మొదలుపెట్టాడు. ధనుంజయ్ అది వింటూ పక్కన కూర్చునేవాడు.

పేజీ తిరిగి ఇస్తూ మౌక్తిక అడిగిన ప్రశ్నని మాత్రం అతను ఆ రోజు సాయంత్రమే ఇంటికి తీసుకెళ్ళాడు. "ఆడు నిన్నెందుకు పిలిసినాడు తాతా?"

"నాకేటి తెలుసురా? ఆడి బాస నాకు రాదు. ఎల్లుంటే తెలిసీది." కూర్మయ్య మనవడి వైపు తిరిగాడు. "మరి నానొకటడుగుతాను. నువ్వు పొద్దున్నే ఎల్తావు, సీకటడ్డాక ఒత్తావు. ఆ కాలేజీలో రోజంతా ఏటి సేత్తావురా?"

ధనుంజయ్ వెంటనే చెప్పబోయాడు. క్లాసులుంటాయి తాతా అన్నాడు. "క్లాసులో ఏటి సేత్తావు?" అన్నాడు కూర్మయ్య. కూర్చుంటాం అన్నాడు. "కూకుని?"

కాసులమ్మ లోపలినుంచి అన్నానికి రమ్మని పిలిచింది. ఇద్దరూ లేవలేదు. తాత జవాబు కోసం చూస్తున్నాడు. ధనుంజయ్ ఆలోచిస్తున్నాడు.